తత్వం తేలకముందే మందు కట్టొద్దు

మన ఇళ్లలో ఆరోగ్యం గురించిన మాటల్లో సగం ఒంటి తత్వం గురించే. మామిడిపండు ఒకరికి వేడి చేస్తుంది, ఇంకొకరు పూటకు రెండు తిన్నా ఏమీ కాదు. పెరుగు ఒకరికి చలవ, మరొకరికి తెల్లారేసరికి జలుబు. "నా ఒంటికి పడదు" అంటే ఎవరూ రుజువు అడగరు. కొరియాలో ఈ ఒక్క మాట మీదే ఒక వైద్య పద్ధతి నిలబెట్టారు. లీ జేమా (1837–1900) అనే వైద్యుడు 1894లో 'దోంగ్వి సుసే బోవన్' అనే గ్రంథం రాసి ముగించాడు. ఆయన పోయాక 1901లో అది అచ్చయింది. జబ్బు పేరు తెలిస్తే చాలదు, అది ఎలాంటి ఒంట్లో వచ్చిందో తెలిస్తేనే మందు తెలుస్తుందన్నది ఆయన పట్టు. మనుషుల్ని నాలుగు తత్వాలుగా విడదీశాడు. ఇదే సాసాంగ్ వైద్యం. దీన్ని ఎనిమిది తత్వాలకు పెంచి, ఒక్కో తత్వానికి వేరే సూది పద్ధతిని క్వన్ దోవన్ 1965లో టోక్యోలో జరిగిన అంతర్జాతీయ ఆక్యుపంక్చర్ సభలో ముందుపెట్టాడు.

ఈ వైద్యం నేర్చుకోవాలనుకునేవాళ్లూ, చేయించుకోవాలనుకునేవాళ్లూ ఎక్కువగా అడిగేది ఏ బిందువులో గుచ్చాలి, ఏ మూలిక ఎంత అని. అవి కష్టమైన సంగతులు కావు. బిందువుల జాగా శ్రద్ధగా చదివితే కొన్ని నెలల్లో చేతికొస్తుంది. కషాయాల పాళ్లు గ్రంథంలోనే ఉన్నాయి. కష్టమంతా మనిషి ఏ తత్వమో తేల్చడంలో ఉంది. అక్కడ తప్పితే సూది ఎంత కచ్చితంగా పడినా, మూలిక ఎంత మేలైనదైనా పని ఎదురు తిరుగుతుంది. అందుకే నేను గట్టిగా చెప్పేది ఒకటుంది. తత్వాన్ని మొదటి రోజు తీర్పులా ప్రకటించకూడదు. ఊహగా పెట్టుకుని ముందు సూదితో, తర్వాత తిండితో పరీక్షించి, రెండూ ఒకే మాట చెప్పాకే కషాయానికి రావాలి. చాలాచోట్ల ఈ వరుస తలకిందులవుతోంది, మొదటి రోజే పదిహేను రోజుల కషాయం చేతిలో పెట్టి పంపుతున్నారు.

ముందు ఆ నాలుగు తత్వాలు చూద్దాం. తేయాంగిన్‌కు ఊపిరితిత్తులు బలమైనవి, కాలేయం బలహీనం. తేఉమిన్‌కు సరిగ్గా తలకిందులు, కాలేయం బలం, ఊపిరితిత్తులు బలహీనం. సోయాంగిన్‌కు ప్లీహం (జీర్ణశక్తి అని చదువుకోవాలి) బలం, మూత్రపిండాలు బలహీనం. సోఉమిన్‌కు మూత్రపిండాలు బలం, జీర్ణం బలహీనం. ఇక్కడ అవయవం అంటే స్కానింగులో కనబడే సైజు కాదు, ఒంట్లో ఆ పని ఎంత జోరుగా సాగుతుందన్నదే లెక్క. లీ జేమా ఒక అంచనా కూడా ఇచ్చాడు. పదివేల మంది ఉన్న ఒక ప్రాంతంలో తేఉమిన్‌లు ఐదు వేలు, సోయాంగిన్‌లు మూడు వేలు, సోఉమిన్‌లు రెండు వేలు. తేయాంగిన్‌లు మాత్రం ముగ్గురో నలుగురో, మహా అయితే పదిమందికి కాస్త పైన. ఇది జనాభా లెక్క కాదు, ఒక అనుభవజ్ఞుడి అంచనా. అయినా వైద్యుడికి మంచి తూకపురాయి. ఒకే చికిత్సాలయంలో నెలకు ఇద్దరు ముగ్గురు తేయాంగిన్‌లు తేలుతున్నారంటే పొరపాటు రోగుల్లో లేదు, చూసే చేతిలో ఉంది.

ఆయుర్వేదం తెలిసిన తెలుగువాళ్లు ఇక్కడే ఒక పొరపాటు చేస్తారు. తేఉమిన్ అంటే కఫ ప్రకృతి, సోయాంగిన్ అంటే పిత్త ప్రకృతి అని జత కలిపేస్తారు. బయటి రూపంలో పోలిక ఉన్నమాట నిజమే, కానీ లోపలి తర్కం వేరు. ఆయుర్వేదంలో మూడు దోషాలూ ప్రతి ఒంట్లో ఉంటాయి, పాళ్లే తేడా, జంట ప్రకృతులూ ఉంటాయి. సాసాంగ్‌లో మనిషి నాలుగింట్లో ఒకటే, అది పుట్టుకతో వచ్చి చివరిదాకా మారదు. పైగా మందు తీరు కలవదు. కఫం అనగానే మన చెయ్యి శొంఠి మీదికి పోతుంది. సాసాంగ్‌లో అల్లం, శొంఠి రెండూ సోఉమిన్ మందులు, తేఉమిన్ కషాయంలో వాటికి చోటు లేదు.

తత్వం తేల్చడానికి చాలామంది ముఖం, ఒడ్డూ పొడుగూ చూస్తారు. నడుము చుట్టూ బరువుంటే తేఉమిన్, ఛాతీ విశాలంగా ఉండి చురుగ్గా కదిలితే సోయాంగిన్, చిన్నకారు మనిషైతే సోఉమిన్ అనేస్తారు. ఇరవై ఏళ్ల వయసులో కొంతవరకు పనికొస్తుంది. నలభై దాటి, రోజంతా కుర్చీలో కూర్చునే ఉద్యోగంలో పడ్డాక అందరి పొట్టా ఒకేలా ఉంటుంది. స్టెరాయిడ్లు వాడినవాళ్లు, థైరాయిడ్ తగ్గినవాళ్లు, కాన్పు తర్వాత ఒళ్లు చేసినవాళ్లు అందరూ తేఉమిన్ ఖాతాలో పడిపోతారు. రూపం కంటే నమ్మదగ్గది లీ జేమా తానే ఇచ్చిన గురుతు. ఏ తత్వం మనిషి ఏది సాఫీగా జరిగితే ఆరోగ్యంగా ఉంటాడో ఆయన నాలుగు చిన్న వాక్యాల్లో చెప్పాడు. తేఉమిన్‌కు చెమట బాగా పట్టాలి. సోఉమిన్‌కు తిన్నది చక్కగా అరగాలి. సోయాంగిన్‌కు విరేచనం సాఫీగా కావాలి. తేయాంగిన్‌కు మూత్రం ధారాళంగా రావాలి.

వీటిని ప్రశ్నలుగా మార్చడంలోనే నేర్పంతా ఉంది. "మీకు చెమట ఎక్కువా?" అంటే విశాఖపట్నంలో అందరూ అవుననే అంటారు. అడగాల్సింది అది కాదు. చెమట పట్టాక ఒళ్లు ఎలా ఉంటుందని అడగాలి. బాగా చెమటోడ్చాక ఒళ్లు తేలికై, నిద్ర పట్టి, ఆకలేస్తే తేఉమిన్ వైపు మొగ్గు. అదే చెమట తర్వాత కాళ్లు లాగేసి, సాయంత్రందాకా నీరసంగా పడి ఉంటే సోఉమిన్ వైపు. కొరియాలో వేడి గదుల స్నానశాలలు మామూలే కాబట్టి అక్కడి వైద్యులకు ఈ ప్రశ్న సులువు. రెండోది మలబద్ధకం. రెండు రోజులు విరేచనం కాకపోయినా పెద్దగా పట్టించుకోనివాళ్లున్నారు, ఒక్క పూట తప్పినా రొమ్ములో మంట, తల వేడి, చిరాకు మొదలయ్యేవాళ్లున్నారు. సోయాంగిన్‌కు విరేచనం బిగిస్తే రొమ్ము నిప్పులా మండుతుందని మూలంలోనే ఉంది. మూడోది తిండి. సోఉమిన్‌కు ఆకలి లేకపోవడం కంటే, తిన్న ముద్ద కడుపులో రాయిలా నిలిచిపోవడమే అసలు గురుతు. ఈ మూడూ జబ్బు పడకముందు ఎలా ఉండేవో అడగాలి. ఇప్పటి జబ్బు, ఇప్పటి మాత్రలు వీటిని తారుమారు చేస్తాయి. షుగరుకు మెట్‌ఫార్మిన్ వేసుకునే మనిషిని విరేచనం గురించి అడిగితే సగం జవాబు ఆ మాత్రే చెబుతుంది.

క్వన్ పద్ధతిలో ప్రధాన ఆధారం నాడి. మన నాడీ వైద్యులు పెట్టినట్టే చూపుడు, నడిమి, ఉంగరపు వేళ్లు మణికట్టు మీద పెడతారు. మనవాళ్లు ఒక్కో వేలి కింద వాత, పిత్త, కఫాల గతి చూస్తారు. ఇక్కడ చూసేది నాడి వేగమూ కాదు, నడకా కాదు. మూడు వేళ్లతో ఒకే బరువుతో లోతుగా, ఎముక తగిలేదాకా నొక్కాలి. పైపై నాడి అణగిపోయాక, ఆ లోతులో ఏ వేలి కింద కొట్టుకోవడం మిగిలిందో పట్టుకోవాలి. రెండు చేతుల్లో మిగిలిన చోట్లను కలిపితే ఎనిమిదింట్లో ఒకటి తేలుతుంది. చెప్పడానికి రెండు వాక్యాలే గానీ, తప్పులన్నీ ఆ 'ఒకే బరువు'లోనే. చూపుడు వేలికి సహజంగా బలమెక్కువ, ఉంగరపు వేలు వాలిపోతుంది. దాంతో చూపుడు వేలి కింద నాడి చచ్చిపోయి, ఉంగరపు వేలి కింద లేనిది ఉన్నట్టు అనిపిస్తుంది. రోగి కూర్చుని ఉంటే ఒక ఫలితం, పడుకుంటే ఇంకోటి. అందుకే వెల్లకిలా పడుకోబెట్టి, పది నిమిషాలు ఊరక ఉంచి చూడాలి. భోంచేసి వచ్చినా, మెట్లెక్కి వచ్చినా, కాఫీ తాగి వచ్చినా ఆ రోజు నాడిని లెక్కలోకి తీసుకోకూడదు. వేర్వేరు రోజుల్లో మూడుసార్లు చూసి, ముందు రోజు రాసుకున్నది చూడకుండా మళ్లీ రాయాలి. మూడూ కలిస్తేనే ఊహకు బలం.

ఇంత చేసినా అది ఊహే. ఇక్కడే సూది పనికొస్తుంది. తత్వాన్ని పరీక్షించడానికి సూదికి మించింది లేదు, ఎందుకంటే తప్పితే తిరిగొచ్చేయొచ్చు. కషాయం లోపలికి పోయాక వెనక్కి తీసుకోలేం.

ఒక పద్ధతిని దగ్గరగా చూద్దాం. కొరియాలో సాఅమ్ అనే బౌద్ధ భిక్షువు పేరిట వచ్చిన నాలుగు సూదుల పద్ధతి ఉంది. చెట్టు, అగ్ని, భూమి, లోహం, నీరు అనే ఐదు మూలకాల తర్కం దానిది, తత్వాన్ని బట్టి వేసే సూదికీ అదే ఆధారం. ఊపిరితిత్తుల బలం పెంచాలనుకుందాం. ఊపిరితిత్తి లోహం. లోహానికి తల్లి భూమి, లోహాన్ని అణచేది అగ్ని. కాబట్టి తల్లిని పోషించాలి, శత్రువును తగ్గించాలి. పోషించే రెండు బిందువులు తేబెక్, తేయొన్. తేబెక్ పాదం లోపలి అంచున, బొటనవేలి మొదట్లో ఉన్న కీలు ఉబ్బుకు కాస్త వెనక గుంటలో ఉంటుంది. తేయొన్ మణికట్టు ముడతలో, బొటనవేలి వైపు ఉంటుంది. తగ్గించే రెండు బిందువులు సోబు, ఓజే. పిడికిలి బిగిస్తే చిటికెనవేలి కొన అరచేతిలో ఎక్కడ ఆనుతుందో అక్కడ సోబు, బొటనవేలి కింది కండ అంచున, ఎముక మధ్యలో ఓజే. సన్నని సూది, 0.20 నుంచి 0.25 మిల్లీమీటర్ల మందం చాలు. లోతు రెండు మూడు మిల్లీమీటర్లకు మించనక్కర్లేదు. పోషించేటప్పుడు సూది వాలు నాళం (ఒంట్లో శక్తి పారుతుందని ఈ వైద్యం చెప్పే దారి) పోయే దిక్కుకి, తగ్గించేటప్పుడు ఎదురు దిక్కుకి. ఊపిరితిత్తి నాళం రొమ్ము నుంచి బొటనవేలికి పోతుంది. కాబట్టి తేయొన్‌లో సూది కొన వేళ్ల వైపు, ఓజేలో మోచేయి వైపు. తేబెక్ ఉన్న నాళం కాలివేలి నుంచి పైకి పోతుంది, కనుక అక్కడ కొన చీలమండ వైపు. ఒక్క సూది దిక్కు తిరగబడినా నాలుగూ కలిసి పనిచేయవు. కొత్తవాళ్లు ఎక్కువగా తప్పేది కాలి దగ్గరే, చేతిలో దిక్కు అలవాటై కాలిలోనూ వేళ్ల వైపే వాలుస్తారు.

ఎనిమిది తత్వాల పద్ధతిలో ఇంకా తేలిక, సూదిని ఉంచరు. స్ప్రింగు ఉన్న చిన్న పరికరంతో బిందువుల్ని వరుసగా గుచ్చీ గుచ్చనట్టు తాకిస్తూ, లెక్క ప్రకారం తిరిగి తిరిగి చేస్తారు. బిందువులన్నీ మోచేతి కింద, మోకాలి కిందే. ఈ ఒక్క కారణానికే ఈ పద్ధతిని గౌరవించాలి. ఛాతీ మీద, భుజాల మీద లోతుగా గుచ్చినప్పుడు ఊపిరితిత్తి పొర చిల్లుపడే ప్రమాదం ఉంటుంది, ఇక్కడ ఆ ప్రశ్నే లేదు. జాగ్రత్త పడాల్సినవి వేరే ఉన్నాయి. తేయొన్ పక్కనే మణికట్టు ధమని ఉంటుంది, వేలితో దాన్ని పక్కకు జరిపి గుచ్చాలి. సోబు నొప్పి పుడుతుంది, ముందే చెప్పాలి. ఖాళీ కడుపుతో వచ్చినవాళ్లకు, మొదటిసారి వచ్చినవాళ్లకు కళ్లు తిరగొచ్చు. ముఖం పాలిపోయి, నుదుట చల్లని చెమట పడితే వెంటనే సూదులన్నీ తీసి, కాళ్లు ఎత్తిపెట్టి, తేరుకున్నాక తీపి నీళ్లు ఇవ్వాలి. ఒకరికి ఒకసారి వాడిన సూదిని మళ్లీ వాడకూడదు. ఇందులో మినహాయింపు లేదు.

సూది తర్వాత రెండు రోజులు ఏమైందన్నదే జవాబు. నిద్ర, విరేచనం, అరుగుదల, నొప్పి అనే నాలుగింట్లో రెండు మెరుగైతే ఊహ నిలబడినట్టు. ఆ రాత్రి నిద్ర చెడి, గుండె దడ వచ్చి, కడుపు ఉబ్బరిస్తే తత్వం తప్పి ఉండొచ్చు. ఏ మార్పూ లేకపోతే తప్పని కాదు, సరేనని కూడా కాదు. ఇలా వారానికి రెండుసార్ల చొప్పున రెండు మూడు వారాలు చూడాలి. ఒక్క మంచి రోజుని పట్టుకుని తత్వం తేలిందనడం కూడదు. తొలి సూదికి సగంమంది బాగుందంటారు, పడుకోబెట్టి ఇరవై నిమిషాలు పలకరించినా అంతే బాగుంటుంది.

ఆ తర్వాత తిండి. క్వన్ పట్టికల్లో ఊపిరితిత్తి బలమైన తత్వాలకు మాంసం, పాలు, గోధుమ వద్దు, ఆకుకూరలు, చేపలు మేలు. కాలేయం బలమైన తత్వాలకు మాంసం, దుంపలు మేలు, ఆకుకూరలు, చేపలు తగ్గించాలి. పట్టిక మొత్తాన్ని ఒక్కసారిగా రోగి మీద రుద్దితే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు. ఒక్క పదార్థం తీసి రెండు వారాలు, మళ్లీ పెట్టి ఒక వారం. గర్భిణులకు, మూత్రపిండాల జబ్బున్నవాళ్లకు, ఇన్సులిన్ వేసుకునేవాళ్లకు ఈ పరీక్ష వాళ్ల డాక్టరుకు తెలియకుండా పెట్టకూడదు. శాకాహారం పాటించే ఇంటి మనిషికి మాంసం తినమని చెప్పి పంపడం వైద్యం కాదు. పప్పు, నువ్వులు, దుంపలతో అదే దిక్కుకు ఎంతవరకు పోగలమో చూడాలి.

ఇక కషాయం. తప్పు తత్వానికి మందు కట్టితే ఏమవుతుందో తెలియాలంటే తేఉమ్‌జోవీతాంగ్ అనే తేఉమిన్ కషాయం ఒక్కటి చూస్తే చాలు. కొలత 'దోన్', 3.75 గ్రాములు. జపమాల పూసల్లాంటి గింజలుండే గడ్డిధాన్యం 3 దోన్లు, ఎండు చెస్ట్‌నట్ 3, ముల్లంగి గింజలు 2, ఒమిజా పండ్లు 1, మెక్‌మున్‌దోంగ్ దుంప 1, మన వసకు దగ్గరి చుట్టమైన సొక్‌చాంగ్‌పో 1, గిల్‌గ్యొంగ్ వేరు 1, మాహ్వాంగ్ 1. మొత్తం 13 దోన్లు, 48.75 గ్రాములు. ఇది ఒక పొట్లం, కొరియాలో 'చొప్' అంటారు. ఇరవై చొప్‌లు ఒక 'జే'. రోజుకు రెండు చొప్‌ల లెక్కన మాహ్వాంగ్ రోజుకు 7.5 గ్రాములు పడుతుంది. మాహ్వాంగ్ అంటే ఎఫెడ్రా. అందులో ఎఫెడ్రిన్ జాతి ఆల్కలాయిడ్లు కనీసం 0.7 శాతం ఉండాలని ఔషధ ప్రమాణం. అంటే కషాయంలోకి పూర్తిగా దిగితే 52 మిల్లీగ్రాములకు పైనే.

మూలంలో ఈ కషాయం తేఉమిన్‌కు తిన్నది అరగక కడుపు బిగించినప్పుడు, కాళ్లలో సత్తువ లేనప్పుడు చెప్పింది. ఇప్పుడు దీన్ని బరువు తగ్గించే మందుగా తత్వం చూడకుండా కట్టేస్తున్నారు. ఎఫెడ్రిన్ ఎవరికిచ్చినా ఆకలి చంపుతుంది, కాబట్టి మొదటి నెల తూకంలో ఫలితం కనిపిస్తుంది. అది తత్వ వైద్యం ఫలితం కాదు, ఎఫెడ్రిన్ ఫలితం. సోఉమిన్ తత్వం మనిషి తాగితే దడ, చేతుల వణుకు, చెమటలు, నిద్రలేమి, పది రోజుల్లో మనిషి వాడిపోతాడు. బీపీ, గుండె లయ తేడాలు, థైరాయిడ్ ఎక్కువ, నీటికాసులు, ప్రొస్టేట్ పెరిగి మూత్రం బిగించడం ఉన్నవాళ్లకు ఏ తత్వమైనా వద్దు. జలుబు మాత్రలు, కాఫీ తోడైతే భారం రెట్టింపు. క్రీడాకారులు డోపింగ్ పరీక్షలో దొరికిపోతారు. అమెరికా 2004లో ఎఫెడ్రా ఉన్న ఆహార పూరకాలను నిషేధించింది. పాతకాలపు వైద్యులు మాహ్వాంగ్‌ను ముందుగా ఒంటరిగా మరిగించి, పైన తేలిన నురుగు తీసేసి, ఆ తర్వాతే మిగతావి వేసేవాళ్లు. ఈనాటి ప్రెషర్ యంత్రంలో అన్నీ ఒకేసారి వేసి మూత బిగిస్తారు, నురుగు తీసే చోటే లేదు.

ఆ జాబితాలో లేనివాటినీ గమనించాలి. అతిమధురం లేదు, అల్లం లేదు, రేగుపండు లేదు. తూర్పు ఆసియా కషాయాల్లో ఈ మూడూ దాదాపు అన్నింటా కనిపిస్తాయి. ఎక్కడ చూసినా ఉండే మనిషిని కొరియన్లు 'మందుల కొట్టులో అతిమధురం' అంటారు. లీ జేమా ఆ మూడింటినీ సోఉమిన్‌కే కేటాయించి మిగతా ముగ్గురికీ మానేశాడు. తత్వ వైద్యం పేరుతో ఎవరైనా ఇచ్చిన కాగితంలో తేఉమిన్ అని రాసి కింద అతిమధురం ఉంటే, రాసినవాళ్లు మామూలు కషాయానికి తత్వం పేరు తగిలించారన్నమాట.

జిన్సెంగ్ సంగతీ ఇదే. సియోల్ నుంచి వచ్చేవాళ్ల పెట్టెల్లో ఎర్ర జిన్సెంగ్ పొట్లాలు హైదరాబాదులో, విజయవాడలో ఇంటింటికీ చేరుతున్నాయి. ఈ లెక్కలో జిన్సెంగ్ సోఉమిన్ మందు. ముఖం ఎర్రబడి, రొమ్ము మండే సోయాంగిన్ తాతగారికి బహుమతిగా ఇవ్వాల్సింది కాదు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడుతున్నవాళ్లకు తత్వంతో పనిలేకుండానే అడిగి ఇవ్వాలి. అశ్వగంధను 'ఇండియన్ జిన్సెంగ్' అని అమ్ముతున్నారు గదా అని ఒకదాని బదులు ఒకటి వేయకూడదు. అశ్వగంధది వంకాయ కుటుంబం, జిన్సెంగ్‌ది వేరే కుటుంబం. పేరు ఒకటై మొక్క వేరవడం కొరియా మూలికల్లోనూ ఉంది. 'దాంగ్‌గ్వి' అంటే కొరియాలో ఒక ఆంజెలికా, చైనాలో ఇంకొకటి, జపాన్‌లో మూడోది. మూడింటి రసాయనాలూ ఒకటి కావు. చైనా పుస్తకం చూసి పాళ్లు రాసి, కొరియా సరుకు తెప్పిస్తే మందు మారిపోతుంది. 2015లో కొరియాలోనే బెక్‌సుఓ వేరు పేరుతో పోలికలున్న మరో వేరును కలిపి అమ్మిన వ్యవహారం దేశమంతా గగ్గోలైంది. మొక్క శాస్త్రీయ నామం, ఏ భాగం, ఏ ఊరి పంట అని చీటీ మీద లేని మూలికను కొనొద్దు.

సోఉమిన్ మందుల్లో బుజా ఉంది. అది మన నాభి (వత్సనాభి అనే విషపు దుంప) జాతి. ఆయుర్వేదంలో నాభిని గోమూత్రంలో శుద్ధి చేయకుండా ఎందుకు వాడరో, కొరియాలో బుజాను శుద్ధి చేసి గంటకు పైగా విడిగా మరిగించడం అందుకే. ఎక్కువసేపు మరిగితే అందులోని విషం విడిపోయి బలం తగ్గుతుంది. తక్కువ మరిగిన కషాయం తాగితే ముందు పెదాలు, నాలుక తిమ్మిరెక్కుతాయి. తర్వాత వచ్చేది గుండె లయ తప్పడం. తిమ్మిరి దగ్గరే ఆపి ఆసుపత్రికి పోవాలి, మంచినీళ్లు తాగి చూద్దామనుకోకూడదు. ఇంట్లో ఇది మరిగించే పనే పెట్టుకోవద్దు.

తత్వం అన్నదే నిజమా అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్న. దేజాన్‌లో ఉన్న కొరియా ఓరియంటల్ మెడిసిన్ సంస్థ ముఖం, ఒంటి కొలతలు, గొంతు, ప్రశ్నపత్రం కలిపి తత్వాన్ని లెక్కగట్టే సాధనం తయారుచేసింది. చిక్కేమిటంటే, ఆ సాధనం సరిగ్గా చెప్పిందా అని చూడటానికి కొలబద్ద మళ్లీ వైద్యుల అభిప్రాయమే. రక్తపరీక్షలా వేరే రుజువు లేదు. నాలుగు తత్వాలు ప్రకృతిలో గీసిన గీతలని ఎవరైనా ప్రమాణం చేస్తే నేను నమ్మను. ఒక మనిషి ఒళ్లు చెమటకు, తిండికి, మందుకు ఎలా బదులిస్తుందో వరుసగా గమనించే క్రమశిక్షణగా మాత్రం దీన్ని నమ్ముతాను. హస్తవాసి మీద వదిలేయకుండా, ఒకే రోగిని ఇద్దరు వైద్యులు ఒకరి మాట ఒకరికి తెలియకుండా చూసి రాసుకునే అలవాటు ప్రతి చికిత్సాలయంలో ఉండాలి. కొరియాలో ఈ వైద్యం చేయడానికి ఆరేళ్ల చదువు, ప్రభుత్వ పరీక్ష, లైసెన్సు కావాలి. రెండు వారాంతాల శిక్షణతో, ఒక ధ్రువపత్రంతో నాడి పడతామనేవాళ్లకు చెయ్యి ఇవ్వకండి.

రోగి కాగితంలో మొదటి రోజు తత్వం గడి ఖాళీగా ఉండాలి. దాని కింద చెమట తర్వాత ఒళ్లు, విరేచనం, అరుగుదల, నిద్ర, వాడుతున్న మాత్రలు, బీపీ, ఆ రోజు నాడి, వేసిన సూదులు, వాటి దిక్కు రాయాలి. రెండో రోజు పైవి చూడకుండా మళ్లీ రాయాలి. మూడు వారాలయ్యాక నాడి ఒకటి, చెమట ఒకటి, తిండి ఒకటి చెబుతుంటే ఆ గడిలో 'తేలలేదు' అని రాసి, నొప్పికి మామూలు సూది వేసి పంపాలి. తేలినట్టనిపిస్తే, మొదటి కషాయం పదిహేను రోజులకు కాకుండా మూడు రోజులకే కట్టాలి. పొట్లం మీద ఎర్ర సిరాతో ఫోన్ నంబరు రాసి, దడ గానీ తిమ్మిరి గానీ నిద్ర తప్పడం గానీ ఉంటే తర్వాతి మోతాదు తాగకుండా ఫోన్ చేయమని చదివి వినిపించాలి.